ఒక్క పాయింటు తేడా: 2015 కబడ్డీ సీజనులో టైటాన్స్, బుల్స్, మనం

సంఘం గ్రూపులో పిల్లలు మళ్ళీ పాత తగాదా ఎత్తారు. చిట్గుప్పలో ఉంటూ, కర్ణాటక రేషన్ కార్డు చేతిలో పెట్టుకుని, కబడ్డీ వచ్చేసరికి బెంగళూరు బుల్స్‌ను వదిలేసి తెలుగు టైటాన్స్ అని అరవడం ఏమిటని ఒకడి ప్రశ్న. ఇంట్లో మాట్లాడే భాషే పేరుగా పెట్టుకున్న టీమును కాదని ఎక్కడో ఉన్న బెంగళూరుకు చప్పట్లు కొట్టాలా అని ఇంకొకడి జవాబు. ఈ తగాదా పుట్టింది 2015లో. అప్పుడు బడికి కూడా వెళ్ళని పిల్లలు ఇప్పుడు వాదిస్తున్నారు కాబట్టి ఆ సీజను సంగతులు ఒకచోట రాసి పెడుతున్నాం. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. బడిలో ఈ ఆట పేరు సడుగుడు, ఇంట్లో చెడుగుడు. రైల్వేలో చేరాక మరాఠీవాళ్ళ నోట హుతూతూ అని విన్నాం. కబడ్డీ అన్న మాటే తమిళంలో కై పిడి, అంటే చెయ్యి పట్టుకోవడం, అందులోంచి పుట్టిందని మా అయ్యవార్లు గొప్పగా చెప్పేవారు. ఆ మాట మేము పెద్దగా నమ్మలేదు. ప్రతి భాషవాళ్ళూ ఈ ఆటను తమ ఇంట్లోనే పుట్టించుకుంటారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి నుంచి వెళ్ళిన వ్యాయామ మండలివాళ్ళు దీన్ని ఆడి చూపించారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో మొదటిసారి పతకం ఆట అయింది, బంగారం మనదే. అయినా 2014 వరకు దేశంలో కబడ్డీ ఆటగాడి పేరు ఒక్కటి చెప్పమంటే చాలామంది తెల్లమొహం వేసేవాళ్ళు.

రైల్వేవాళ్ళకు మాత్రం కొన్ని పేర్లు తెలుసు. కబడ్డీ ఆడే కుర్రాడికి అప్పట్లో పెద్ద కల సర్కారు ఉద్యోగమే. రైల్వే, పోలీసు, సైన్యం, బ్యాంకు, ఇవే వాళ్ళను పోషించింది. 2014 మే 20న ప్రో కబడ్డీ మొదటి వేలం జరిగితే అందరికంటే ఎక్కువ ధర పలికిన రాకేష్ కుమార్ మన రైల్వే ఆటగాడే. పట్నా పైరేట్స్ 12 లక్షల 80 వేలు పెట్టి కొన్నారు. రెండో ధర దీపక్ నివాస్ హుడాది, 12 లక్షల 60 వేలు, కొన్నది తెలుగు టైటాన్స్. ఐదు వారాల ఆటకు అంత సొమ్మా అని మా క్లర్కు జీతంతో లెక్క వేసుకుని ముక్కున వేలేసుకున్నాం. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి అదే టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు రెండున్నర కోట్ల పైన పెట్టారు. ఆయనా రైల్వే మనిషే.

మొదటి సీజను త్వరగా చెప్పేస్తాం. ఎనిమిది జట్లు. 2014 జులై 26న మొదలై ఆగస్టు 31న ముంబైలో ముగిసింది. జైపూర్ పింక్ పాంథర్స్ ఫైనల్లో 35-24తో యు ముంబాను ఓడించి కప్పు ఎత్తుకున్నారు. టైటాన్స్ ఐదో స్థానంలో ఆగారు, సెమీఫైనల్ ఒక్క మెట్టు పైన ఉండిపోయింది. కూతల్లో యు ముంబా కెప్టెన్ అనూప్ కుమార్, టైటాన్స్ కుర్రాడు రాహుల్ చౌదరి ఇద్దరూ 150 పాయింట్లు దాటారు. అనూప్ కాస్త ముందు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తెలంగాణ వేరు రాష్ట్రం అయింది 2014 జూన్ 2న. ఎనిమిది వారాలు తిరగకుండా ఈ లీగు మొదలైంది. మిగతా జట్లలో చాలావాటికి ఊరి పేరు ఉంటే ఈ జట్టుకు భాష పేరు. ఆ సంవత్సరం సొంత మ్యాచ్‌లు విశాఖపట్నంలో ఆడారు, మరుసటి సంవత్సరం హైదరాబాదు గచ్చిబౌలిలో. హైదరాబాదు అని పెట్టినా, ఆంధ్ర అని పెట్టినా సగం మంది మొహం తిప్పుకునే రోజులవి. తెలుగు అని పెట్టడం వల్ల రెండు రాష్ట్రాలవాళ్ళకే కాదు, మాలాంటి మూడో రాష్ట్రంవాళ్ళకు కూడా తలుపు తెరుచుకుంది. యజమానులు మమ్మల్ని తలుచుకుని పెట్టారని కాదు. తెరిచిన తలుపులోంచి మేమే దూరాం.

ఇప్పుడు అసలు సీజను. 2015 జులై, ఆగస్టు. లీగు దశలో ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. గెలిస్తే 5 పాయింట్లు, సమమైతే 3, ఏడు లేక అంతకన్నా తక్కువ తేడాతో ఓడినా 1. ఈ చివరి నియమం గుర్తుంచుకోండి, కథలో పనికొస్తుంది.

ఆ యేడు యు ముంబాను పట్టుకునేవాళ్ళు లేరు. అనూప్ కుమార్‌ది తొందర లేని కూత. కాలు బోనస్ గీత దాటించి, నవ్వుతూ వెనక్కి వచ్చేసేవాడు. బోనస్ రావాలంటే ఎదురు జట్టులో కనీసం ఆరుగురు ఉండాలి. ఆ ఆరుగురి కళ్ళ ముందే తీసుకునేవాడు. ఆయన వెనుక రిషాంక్ దేవాడిగ, షబీర్ బాపు. మూలల్లో మోహిత్ ఛిల్లర్, సురేందర్ నాడా జంట. ఒకరు చీలమండ పట్టేలోపు ఇంకొకరు మీద పడేవాళ్ళు. పోయిన యేడు గెలిచిన జైపూర్ ఈసారి సెమీస్‌కు కూడా రాలేదు. ఢిల్లీ జట్టులో సాంగ్లీ కుర్రాడు కాశిలింగ్ అడకే కూతల్లో సీజను మొత్తానికి మొదటివాడు. అయినా ఢిల్లీ కూడా సెమీస్ చూడలేదు. ఒక్క కూతగాడితో కబడ్డీ నడవదు, వెనుక పట్టే చేతులు ఉండాలి.

టైటాన్స్ రెండో స్థానం, బుల్స్ మూడో స్థానం. అంటే సెమీఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు. మన సంఘానికి పెళ్ళిలో మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు ఇద్దరూ మనవాళ్ళే అయినట్టు అయింది.

టైటాన్స్ బలం కూతలో. రాహుల్ చౌదరి ఎడమా కుడీ చూడకుండా లోపలికి దూసుకుపోయేవాడు. పక్కన దీపక్ హుడా, సుకేష్ హెగ్డే, ఇరాన్ నుంచి వచ్చిన మెరాజ్ షేక్. శిక్షకుడు ఉదయకుమార్. బుల్స్‌కు కెప్టెన్ మంజీత్ ఛిల్లర్, కూతా పట్టూ రెండూ వచ్చినవాడు, ఆ సీజను మొత్తానికి ఉత్తమ ఆటగాడు ఆయనే. పొడుగు కాళ్ళ అజయ్ ఠాకూర్ పట్టేవాళ్ళ తలల మీదుగా కప్పలా దూకేవాడు. వెనుక తంజావూరు వైపు మనిషి ధర్మరాజ్ చేరలాతన్, జట్టు అంతా అన్న అని పిలిచేది. శిక్షకుడు రణధీర్ సింగ్, ఆయన మళ్ళీ రైల్వే కబడ్డీలో నలిగినవాడు.

ఆగస్టు 21, ముంబై. బుల్స్ 39, టైటాన్స్ 38.

లీగు మ్యాచ్ అయివుంటే ఒక్క పాయింటుతో ఓడినా చేతికి ఒక పాయింటు దక్కేది. సెమీఫైనల్లో ఆ దయ లేదు. నలభై నిమిషాలు ఆడి, మొత్తం 77 పాయింట్లు పంచుకుని, ఒక్క బోనస్ గీత వెడల్పులో ఫైనల్ పోయింది. మూడో స్థానం పోటీలో టైటాన్స్ పట్నాను 34-26తో ఓడించారు. 23న ఫైనల్లో యు ముంబా 36-30తో బుల్స్‌ను గెలిచింది. కప్పు మరాఠీవాళ్ళకు పోయింది, మన దగ్గర గొడవ మిగిలింది. ఆ రాత్రి మనవాళ్ళు ఒకరినొకరు రాష్ట్రద్రోహి, భాషాద్రోహి అనుకోవడం వరకు వెళ్ళింది. ఇద్దరు ముగ్గురు గ్రూపు వదిలేశారు కూడా.

వాళ్ళందరికీ మేము అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాం. ఆ రెండు జట్ల పేర్లు చూడండి. తెలుగు టైటాన్స్ తరఫున దూకిన రాహుల్‌ది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. సుకేష్ హెగ్డే కర్ణాటక కరావళి కన్నడిగుడు. మొదటి సీజనులో టైటాన్స్ కెప్టెన్ రాజగురు తమిళుడు. బెంగళూరు బుల్స్ అంటూ ఆడినవాళ్ళలో మంజీత్‌ది ఢిల్లీ పక్క పల్లె, అజయ్‌ది హిమాచల్, అన్నది తమిళనాడు. ఆ సెమీఫైనల్లో కన్నడిగుడు తెలుగు చొక్కా వేసుకుని బెంగళూరు మీద కూతకు వెళ్ళాడు. ఆయన్ను ఎవరూ ద్రోహి అనలేదు.

ఇక మన ఊరి సంగతి. 1956 నవంబరు 1 వరకు బీదర్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోది. చిట్గుప్ప పాయిగా జాగీరు ఊరు. ఒకే జిల్లాలో కన్నడం, మరాఠీ, తెలుగు, ఉర్దూ కలిసి నడిచేవి. ఆ రోజున జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఉద్గీర్ వైపు మరాఠీవాళ్ళకు, నారాయణఖేడ్, జహీరాబాదు వైపు ఆంధ్రప్రదేశ్‌కు, మనం మైసూరు రాష్ట్రానికి. అంతకుముందు 1950 నుంచి 1954 వరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఎస్.ఎ. రహీం శిక్షణలో వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచినప్పుడు అది ఈ ఊరివాళ్ళకు సొంత రాష్ట్రం జట్టే. ఆ ఫుట్‌బాల్ జట్టును పొగిడిన పెద్దలను ఏ రాష్ట్రం అని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ ఆసుపత్రికి వెళ్ళాలన్నా పెళ్ళి బట్టలు కొనాలన్నా మనం ముందు చూసేది హైదరాబాదు రోడ్డే. బెంగళూరు ఒక రాత్రి ప్రయాణం. పిల్లల కాలేజీ సీట్లు, సర్కారు కాగితాలు అన్నీ ఆ బెంగళూరు నుంచే వస్తాయి. రెండు టీములూ మనవి అనడం తప్పించుకునే మాట కాదు, ఉన్న మాటే.

తరవాతి కథ క్లుప్తంగా. బుల్స్ 2019 జనవరి 5న గుజరాత్‌ను 38-33తో ఓడించి కప్పు గెలిచారు, ఫైనల్లో పవన్ సెహ్రావత్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చాడు. లీగులో 500 కూత పాయింట్లు మొదట దాటిన రాహుల్ చౌదరి అదే సంవత్సరం టైటాన్స్ వదిలి తమిళ్ తలైవాస్‌కు వెళ్ళాడు. తమిళంలో చదువుకుని తెలుగులో బతికే మాకు ఆ వార్త విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టైటాన్స్‌కు చెడ్డ రోజులు వచ్చాయి. ఎనిమిదో సీజనులో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచారు, తరవాతి రెండు సీజన్లలో రెండేసి. కోట్ల పవన్ వచ్చిన సీజను కూడా అందులోదే. అప్పుడు బుల్స్ పక్షంవాళ్ళు గ్రూపులో పెట్టిన బొమ్మలు అందరికీ గుర్తే. 2025లో ప్లేఆఫ్స్‌లో టైటాన్స్ బుల్స్‌ను ఓడించారు, పదేళ్ళ బాకీ తీరిందని మనవాళ్ళు కొందరు మిఠాయి పంచారు. ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణేరి పల్టన్ చేతిలో ఆగిపోయారు. టైటాన్స్ ఇప్పటివరకు ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు.

2015 సెమీఫైనల్ చూసినవాళ్ళు సంఘంలో ఇంకా చాలామందే ఉన్నారు. ఆ రోజు ఎవరి పక్షమో కింద రాయండి. గ్రూపు వదిలి వెళ్ళిన ముగ్గురిలో ఇద్దరు తిరిగి వచ్చారు, మూడో ఆయన నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే మళ్ళీ చేర్చండి.