పది మీటర్ల టవర్: ఢిల్లీ డైవింగ్ కొలనుల చరిత్ర

ఢిల్లీలో పోటీ స్థాయి ప్లాట్‌ఫాం డైవింగ్‌కు ప్రధాన వేదిక డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ స్విమ్మింగ్ పూల్ కాంప్లెక్స్. రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రికి దగ్గర్లో, తాల్కటోరా తోటను ఆనుకుని ఉంటుంది. పేరు మారి ఏళ్లయినా పాతవాళ్లు తాల్కటోరా పూల్ అనే అంటారు. 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన ఈ కొలనును 2010 కామన్వెల్త్ క్రీడలకు దాదాపు మొత్తం తిరగ కట్టారు.

ఈ కొలనును ఒక కాలనీ నుంచి చూద్దాం. పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) వేసిన పెద్ద కాలనీల్లో అదొకటి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడి ఒకటి అక్కడ ఉండడంతో రాజధాని తెలుగువాళ్లకు బాగా తెలిసిన చోటు. అలాంటి కాలనీ పిల్లలు వేసవి సెలవుల్లో ఈత నేర్చుకోవడానికి పెద్దగా ఇబ్బంది పడనక్కర్లేదు. పది మీటర్ల ఎత్తు నుంచి దూకడం నేర్చుకోవాలంటే మాత్రం బ్లూ లైన్ మెట్రో ఎక్కి తాల్కటోరా దాకా రావలసిందే.

కాలనీ కొలనుకు టవర్ ఎందుకు ఉండదో లెక్క వేస్తే తెలుస్తుంది. పది మీటర్ల ఎత్తు నుంచి వదిలేసిన మనిషి నీటిని చేరడానికి పట్టే సమయం 1.4 సెకన్ల పైచిలుకు. నీటిని తాకేటప్పటి వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఆ వేగాన్ని నీరే ఆపాలి కనుక టవర్ కింద 5 మీటర్ల లోతు ఉండాలని అంతర్జాతీయ సమాఖ్య సిఫారసు చేస్తుంది, ఎంత తగ్గినా 4.5 మీటర్లు ఉండి తీరాలి. తాల్కటోరాలోని డైవింగ్ కొలను పొడవు వెడల్పులు 25 మీటర్ల చొప్పున. ఆ కొలతకు 5 మీటర్ల లోతు వేసుకుంటే 31 లక్షల లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న ఒలింపిక్ ఈత కొలనుకు కూడా 25 లక్షల లీటర్లే సరిపోతాయి. చూపులకు సగం ఉన్న గుంట పక్కనున్న పెద్ద కొలను కంటే ఎక్కువ నీళ్లు తాగుతుందన్నమాట. అన్ని నీళ్లనూ వడకట్టాలి, శుద్ధి చేయాలి, 26 డిగ్రీలకు తగ్గకుండా వేడి పెట్టాలి. డైవర్లు ఒక్కొక్కరే దూకుతారు కాబట్టి ఈ ఖర్చును పంచుకునేవాళ్లు కూడా తక్కువే. టికెట్ల డబ్బుతో నడిచే ఏ క్లబ్బూ దీని జోలికి పోదు. ప్రపంచంలో చాలా టవర్లు ప్రభుత్వ సొమ్ముతోనో, విశ్వవిద్యాలయాల సొమ్ముతోనో, ఏదో ఒక పెద్ద క్రీడోత్సవం పేరు చెప్పో లేచినవే.

టవర్ మీద 1, 3, 5, 7.5, 10 మీటర్ల ఎత్తుల్లో అంతస్తులుంటాయి. ఒలింపిక్ పోటీ పై అంతస్తు నుంచే. పదో మీటరు దగ్గర వేదిక పొడవు 6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, పైన జారని పరుపు. స్ప్రింగ్‌బోర్డులా ఇది ఊగదు. మనిషి కాళ్ల బలంతో ఎంత లేస్తే అంతే. చేతుల మీద తలకిందులుగా నిలబడి మొదలుపెట్టే డైవ్‌లకు అనుమతి ఉన్నది ప్లాట్‌ఫాం మీద మాత్రమే.

మొదటిసారి చూడబోయినవాళ్లకు రెండు వింతలు కనిపిస్తాయి. ఒకటి, నీటి మీద ఎడతెగకుండా పడే సన్నటి జల్లు. కదలని నీరు అద్దంలా అడుగుదాకా కనిపిస్తుంది. గాలిలో గిరగిర తిరుగుతున్న డైవర్‌కు నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో అంతుపట్టదు. అందుకే పైభాగాన్ని కావాలని చెదరగొడతారు. రెండోది, ప్రతి డైవర్ చేతిలోనూ ఉండే చిన్న రుమాలు లాంటి షామీ. తడి కాళ్లను మోకాళ్ల దగ్గర ముడుచుకుని పట్టుకుంటే చేతులు జారతాయి, జారితే డైవ్ చెడుతుంది. కనుక మెట్లెక్కాక ఒళ్లు తుడుచుకుని, తుడిచిన గుడ్డను పైనుంచి కిందికి విసిరేసి, అప్పుడు అంచుకు వస్తారు. నీళ్లలోకి దిగడంలోనూ కిటుకు ఉంది. చేతులు తలపైకి చాచి, ఒక చేత్తో రెండో చేతిని పట్టుకుని, అరచేతిని బల్లపరుపుగా నీటికి ఆనిస్తారు. అరచేయి గుద్దిన చోట నీరు పక్కకు తొలగుతుంది, ఒళ్లు ఆ సందులోంచే దిగిపోతుంది. బాగా కుదిరితే నీళ్లు చిందవు, కొత్త గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నీటి తాకిడంతా అరచేతుల మీదే పడుతుంది కాబట్టి డైవర్లకు మణికట్టు నొప్పులు మామూలే.

ఈ ఆట ఐరోపాలో జిమ్నాస్టిక్స్‌కు తమ్ముడిగా పుట్టింది. 19వ శతాబ్దంలో జర్మనీ, స్వీడన్ జిమ్నాస్టులు వేసవిలో తమ సరంజామాను నీటి ఒడ్డుకు చేర్చి అక్కడే సాధన చేసేవారు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో డైవింగ్ తొలిసారి చోటు చేసుకుంది, అదీ ఒక కృత్రిమ సరస్సులో. 1908 లండన్‌లో ప్రధాన స్టేడియం నడుమ తవ్విన వంద మీటర్ల కొలనులో ఉక్కు టవర్ నిలిపారు. పరుగుపందేలు చూసేవాళ్లకు అడ్డం రాకుండా దాన్ని నీళ్లలోకి మడిచే ఏర్పాటు కూడా చేశారు. 1912 స్టాక్‌హోంలో మహిళలకు ప్లాట్‌ఫాం పోటీ మొదలైంది, గెలిచింది స్వీడన్‌కే చెందిన గ్రేటా యోహాన్సన్. అక్కడా సముద్రపు పాయే కొలను. 1948లో లండన్ ఎంపైర్ పూల్‌తో ఒలింపిక్ డైవింగ్ తొలిసారి కప్పు కిందికి చేరింది.

ఆ 1948లో పది మీటర్ల బంగారు పతకం గెలిచిన అమెరికన్ శామీ లీ కొరియా సంతతివాడు. చిన్నతనంలో కాలిఫోర్నియాలోని పాసడీనా ఊరి కొలనులోకి తెల్లవాళ్లు కానివారిని వారానికి ఒక్కరోజే రానిచ్చేవారు. తక్కిన రోజుల్లో అతను శిక్షకుడి పెరట్లో తవ్విన ఇసుక గుంటలోకి దూకి సాధన చేశాడు. 1952లో మళ్లీ బంగారమే. కొలనుల చరిత్రలో పాలరాళ్ల కంటే ఇలాంటి సంగతులకే ఎక్కువ పేజీలు ఇవ్వాలి. తర్వాతి వేదికల్లో 1992 బార్సిలోనా టవర్ కొండ మీద నిలిచి, కింద ఊరంతా కనిపించే ఫొటోలతో పేరు తెచ్చుకుంది. 2012లో లండన్ కొలనుకు జహా హదీద్ గీసిన కాంక్రీటు టవర్లు శిల్పాల్లా ఉంటాయి. 2016 రియోలో డైవింగ్ కొలను రాత్రికి రాత్రి పచ్చబడింది. క్లోరిన్ ఉన్న నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపేసరికి క్లోరిన్ పనిచేయక నాచు పెరిగింది.

ఢిల్లీకి ఎత్తు నుంచి దూకడం ఒలింపిక్స్ నేర్పిన విద్య కాదు. మెహ్రౌలీలోని గంధక్ కీ బావోలీ 13వ శతాబ్దపు దిగుడుబావి. బావి గోడల మీదనుంచి నీళ్లలోకి దూకి సందర్శకుల దగ్గర నాణేలు అడిగే కుర్రాళ్ల వల్ల దానికి డైవింగ్ బావి అనే పేరు కూడా వచ్చింది. 14వ శతాబ్దపు నిజాముద్దీన్ బావోలీలోనూ ఇదే వేడుక సాగేది. మన మోటబావుల గట్ల మీంచి దూకిన తరం వాళ్లకు ఇది కొత్తేమీ అనిపించదు. నీటిమట్టం పడిపోయి చాలా బావోలీలు ఎండిపోవడంతో ఆ విద్యా పోయింది. దాన్ని ఏ ఈత సంఘమూ లెక్కలోకి తీసుకోలేదు.

1951లో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలోనే జరిగాయి. డైవింగ్‌లో ఉన్న రెండు బంగారు పతకాలూ, స్ప్రింగ్‌బోర్డులోనూ ప్లాట్‌ఫాంలోనూ, కె.పి. ఠక్కర్ గెలిచాడు. ఆసియా క్రీడల డైవింగ్‌లో భారత్‌కు ఆ తర్వాత బంగారం రాలేదు. అవే క్రీడల్లో సచిన్ నాగ్ గెలిచిన ఈత పతకం గుర్తున్నంతగా ఠక్కర్ పేరు జనానికి గుర్తులేకపోవడం అన్యాయం.

1982లో ఆసియా క్రీడలు మళ్లీ ఢిల్లీకి వచ్చినప్పుడు నగరానికి ఫ్లైఓవర్లు, స్టేడియాలతో పాటు తాల్కటోరా కొలనూ దక్కింది. 2010కి దాని స్థానంలో పూర్తిగా పైకప్పు కింద మూడు కొలనులు వెలిశాయి: పోటీల ఈతకు పది వరుసల కొలను, సాధనకు మరొకటి, డైవింగ్‌కు వేరే. కూర్చునే వీలు ఐదు వేల మందికి. ఆ ఏడాది జులైలోనే ప్రారంభోత్సవం జరిగినా చివరి వారాల దాకా పనులు సాగాయి. అక్టోబరులో పోటీల మధ్యలో కొందరు ఈతగాళ్లకు కడుపు పాడైతే అనుమానం కొలను నీటి మీదికి పోయింది. నీటి పరీక్షల్లో దోషమేమీ బయటపడలేదు.

డైవింగ్ మాత్రం చూడదగ్గట్టు జరిగింది. పురుషుల పది మీటర్ల పోటీలో పదహారేళ్ల ఇంగ్లండ్ కుర్రాడు టామ్ డేలీ, బీజింగ్ ఒలింపిక్ విజేత ఆస్ట్రేలియా డైవర్ మాథ్యూ మిచమ్‌ను ఓడించాడు. మహిళల బంగారం మలేసియాకు చెందిన పదిహేడేళ్ల పాండెలెలా రినోంగ్‌ది. రెండేళ్లకు లండన్‌లో ఒలింపిక్ కాంస్యం గెలిచి, ఆ దేశంలో ఒలింపిక్ పతకం అందుకున్న తొలి మహిళ అయింది. ఆ విజయానికి మెట్టు తాల్కటోరాలో పడిందని ఢిల్లీ చెప్పుకోవచ్చు. ఆ పోటీల్లో భారత డైవర్లకు పతకం దక్కలేదు.

క్రీడలు ముగిశాక కొలను స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా నిర్వహణలో ఉండిపోయింది. 2011 నుంచి కమ్ అండ్ ప్లే పథకం కింద మామూలు జనానికీ తలుపులు తెరిచారు. దానివల్ల ఈతకు మేలు జరిగింది. డైవింగ్ సంగతి వేరు. డైవర్ రోజులో ఎక్కువ భాగం గడిపేది నేల మీద, ట్రాంపొలిన్‌తో, స్పాంజి గుంటతో, నడుముకు కట్టే తాళ్లతో. కొత్త డైవ్ నేర్చేవాళ్ల కోసం కొలను అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీటిని మెత్తబరిచే యంత్రం కావాలి. వీటన్నిటికంటే ముందు, పిల్లను ఏడెనిమిదేళ్ల వయసులో ఒక మీటరు బల్ల మీద నిలబెట్టి పదేళ్లు ఓపిక పట్టే శిక్షకుడు కావాలి. మన దేశంలో ఇలాంటి ఏర్పాటు ఎక్కువగా సైన్యం చూసుకుంటోంది. పుణేలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ఎంచుకున్న కొద్ది ఆటల్లో డైవింగ్ ఒకటి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సిద్ధార్థ్ పర్దేశి, లండన్ సింగ్ హెమామ్ భారత్ తరఫున దూకారు.

తక్కిన నగరాల కథ కూడా ఢిల్లీ లాంటిదే. హైదరాబాద్ గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడా ప్రాంగణపు కొలనులు 2002 జాతీయ క్రీడల కోసం వచ్చినవి. వాటిలో డైవింగ్‌కు ప్రత్యేకంగా ఒకటుంది. పుణే బాలేవాడీది 1994 జాతీయ క్రీడల పుణ్యం, చెన్నై వేళచ్చేరిది 1995 దక్షిణాసియా క్రీడల పుణ్యం.

ఇప్పుడు ఆ వంతు అహ్మదాబాద్‌ది. నారణ్‌పురాలో కట్టిన వీర్ సావర్కర్ క్రీడా సముదాయంలో 2025 సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 11 దాకా ఆసియా ఆక్వాటిక్స్ చాంపియన్‌షిప్ జరిగింది, అందులో డైవింగ్ కూడా ఉంది. 2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం కూడా ఆ నగరానికే దక్కింది. ఢిల్లీ తర్వాత ఇరవై ఏళ్లకు భారత్‌లో జరగబోయే రెండో కామన్వెల్త్ క్రీడలు అవి.