ఒక దరఖాస్తు, ఒక కాలువ

మొన్న దసరాకు డిచ్‌పల్లి వెళ్ళాను. మా అక్క ఇంట్లో నడిమింట్లో చాప పరిచి ఉంది. దాని నిండా కాగితాలు. మేనకోడలికి తెలంగాణ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సీటు వచ్చింది. 2006లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం మా డిచ్‌పల్లిలోనే ఉంది కనుక బస్సు ఖర్చు పెద్దగా లేదు. కానీ ఫీజు ఉంది. అందుకు స్కాలర్‌షిప్పు రావాలి. అది రావాలంటే పదవ తరగతి మెమో, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఏడేళ్ళ చదువు ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు పుస్తకం, టి.సి. – అన్నీ ఒక్కచోట చేరాలి.

“మామా, గిన్ని కాయితాలెందుకు? నేను ఈడిదాన్నే అని ఊరందరికీ ఎర్కే గదా!” అంది ఆ పిల్ల విసుగ్గా.

నవ్వి ఊరుకున్నాను గాని, ఆ ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. చాప మీది ప్రతి కాగితమూ ఎప్పుడో ఎవరో అడిగిన ఒక ప్రశ్నకు జవాబేనని అనిపించింది. ఆ ప్రశ్నల వెంట వెనక్కి నడిచి చూద్దామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా జిల్లాను మార్చివేసిన స్కాలర్‌షిప్పు ఒకటి ఉంది. 1877లో జన్మించిన మీర్ అహ్మద్ అలీ నిజాం కళాశాలలో చదివి, 1896లో హైదరాబాదు రాజ్యం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్ళి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరాడు. ఆయనే తరువాతి కాలపు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. తిరిగి వచ్చి రాజ్యపు నీటిపారుదల పనులు చేపట్టిన ఆయన చేతి మీదుగా, మంజీరా నదిపై 1923లో నిజాంసాగర్ నిర్మాణం మొదలై 1931లో ముగిసింది. కాలువ నీరు పారి బోధన్ వైపు నేలలు చెరకు తోటలయ్యాయి. ఆ చెరకును నమ్ముకునే 1937 ప్రాంతంలో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ పుట్టింది. ఆ కర్మాగారం 2015లో మూతపడింది. కాలువ మాత్రం మిగిలింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఆయన పుట్టిన జూలై 11ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఒక విద్యార్థి చదువుకు రాజ్యం పెట్టిన ఖర్చు ఎన్ని ఎకరాలుగా తిరిగి వచ్చిందో లెక్క కట్టడం నా వల్ల కాదు.

అయితే ఒక్కటి గమనించాలి. ఆనాడు ఆ తలుపు దాకా నడిచి రాగలిగినవారే కొద్దిమంది. పట్నంలో ఉండి, ఆంగ్ల విద్య నేర్చినవారికే అది సాధ్యం. మా ఊళ్ళలో చెరువు కింద మడి దున్నే రైతు కొడుక్కి అటువంటి వేతనం ఒకటి ఉన్నదనే తెలియదు. తెలియనివాడు దరఖాస్తు ఏమి పెడతాడు?

ఏడేళ్ళ చదువు ధ్రువపత్రాల సంగతి చూద్దాం. వాటి మూలం “నువ్వు ఇక్కడివాడివేనా?” అన్న ప్రశ్న. బయటివారే కొలువులన్నీ ఆక్రమిస్తున్నారన్న బాధతో హైదరాబాదు రాజ్యంలో పుట్టిన ముల్కీ నిబంధనలకు 1919 ఫర్మానా ఆధారం. అక్కడ పుట్టనివారు ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళ స్థిర నివాసం చూపాలి. ఆ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడం, ఆపై ఆంధ్రలో ఉద్యమం రేగడం, 1973లో ఆరు సూత్రాల పథకం రావడం మనకు తెలిసినదే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో విద్యాసంస్థల ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించి, స్థానికతను ఎక్కడ చదివారన్న దానితో ముడిపెట్టారు. అప్పటినుండి నివాసానికి సాక్ష్యం ఇల్లు కాదు, బడి. మా మేనకోడలు మోస్తున్న ధ్రువపత్రాలు ఆ పాత తగాదాకు వారసులన్నమాట.

కుల ధ్రువపత్రం కథ వేరు. 1913లో ఒక యువకుడు బరోడా సంస్థానపు వేతనంతో, చదువయ్యాక పదేళ్ళు సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం వ్రాసి ఇచ్చి, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఆయన అంబేద్కర్. ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడుగా ఉన్న కాలంలోనే, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువులకు భారత ప్రభుత్వ వేతనాలు మొదలయ్యాయి. కొన్నేళ్ళకే అవి గిరిజనులకూ విస్తరించాయి. ఒక మహారాజు దయగా ఉన్నది ఒక పద్దుగా మారింది. దయకు కాగితం అక్కరలేదు, హక్కుకు కావాలి.

మిగిలింది ఆదాయ పత్రం. నా బాల్యంలో ఎవరి రాబడి ఎంతో పట్వారీ కలానికే తెలుసు. 1980ల మధ్యలో పట్వారీలు పోయి మండలాలు వచ్చాయి గాని, మా పెద్దల నోట “పట్వారీ దగ్గరికి పోయిరా” అన్న మాట చాలాకాలం పోలేదు.

నాతోపాటు ఇంటర్ పాసైన మిత్రుడొకడు ఉండేవాడు. లెక్కల్లో నాకంటే దిట్ట. ఇద్దరం ఒకేరోజు స్కాలర్‌షిప్పు ఫారాలు నింపాము. వాడి మెమోలో తండ్రి పేరు ఇంటిపేరుతో ఉంది, ఆదాయ పత్రంలో ఇంటిపేరు లేదు. గడువు ముగియడానికి రెండు రోజుల ముందు ఫారం వెనక్కి వచ్చింది. కొత్త పత్రం తెచ్చేసరికి గడువు దాటింది. మరుసటి ఏడు చూద్దామన్నాడు. ఆ మరుసటి ఏటికి వాడు దుబాయిలో ఉన్నాడు. మా వైపు ఊళ్ళలో ఇది వింత కాదు. కానీ ఒక ఇంటిపేరు తేడా వల్ల ఒక మనిషి దారి మారిపోవడాన్ని దగ్గరనుండి చూసినవాణ్ణి నేను. నా ఫారం వెనక్కి రాలేదు. అంతకుమించి మా ఇద్దరికీ తేడా ఏమీ లేదు.

అందుకే మరునాడు పొద్దున్నే మేనకోడలిని కూర్చోబెట్టాను. ముందు ఒక తెల్ల కాగితం మీద ఆమె పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా వ్రాయించాను. తక్కిన కాగితాలన్నీ ఒక్కొక్కటిగా దానితో పోల్చాము. ఆధార్‌లో తండ్రి పేరు ఒక అక్షరం తేడాగా ఉంది. దాన్ని సరిచేయించే పని ముందు పెట్టుకున్నాము. చదువు పత్రాలను తరగతుల వరుసలో పేర్చి, ఏ ఏడూ ఖాళీ లేదని చూశాము. ఆదాయ పత్రం ఎప్పటిదో చూసి, పాతదైతే మీసేవలో కొత్తదానికి పెట్టుకోమన్నాను. ప్రతిదానికీ రెండు జిరాక్సులు తీయించాము. గడువు తేదీని గోడమీది క్యాలెండరులో కాక, దానికి పది రోజుల ముందు గుర్తు పెట్టించాను.

అన్నీ ఒక సంచిలో సర్దుతూ, “ఇంతేనా మామా?” అంది.

“ఇంతే బిడ్డా” అన్నాను. నా మిత్రుడి సంగతి ఆమెకు చెప్పలేదు.

అలీ నవాజ్ జంగ్ దరఖాస్తులో ఏమి వ్రాశాడో మనకు అక్కరలేదు, నిజాంసాగర్ చాలు. కానీ గడువు దాటిన దరఖాస్తులతో రాకుండా పోయిన కాలువలెన్నో ఎవరు లెక్క పెడతారు? చదివే మిత్రుల ఇళ్ళలో ఇంటర్ పాసైన పిల్లలుంటే, ఈ ఆదివారం ఒక చాప పరచి కాగితాలన్నీ ఒకసారి బయటికి తీయండి. తండ్రి పేరు దగ్గర మొదలుపెట్టండి.