ఖబరు నుండి లంకె దాకా: కోనసీమ ముస్లిముల వార్తా వినిమయం

అరబ్బీలో ‘ఖబర్’ అనగా వార్త. దాని బహువచనం ‘అఖ్బార్’. ప్రవక్త (స) వారి ప్రవచనాన్ని గాని, చర్యను గాని తెలిపే నివేదికను హదీసు పండితులు ఖబర్ అన్నారు. అదే మాట ఉర్దూలో వార్తాపత్రికకు పేరయింది. తెలుగులో ‘కబురు’గా మారి పల్లె పలుకుబడిలో నిలిచిపోయింది. మదీనా విద్వాంసుడు, లక్నో పత్రికాసంపాదకుడు, అమలాపురం తాలూకా రైతు ఒకే మాటను వాడారన్నది కేవలం భాషాసంబంధమైన విశేషం కాదు. వార్త ఒకరి నుండి మరొకరికి చేరేటపుడు దాని మూలం కూడా వెంట వస్తున్నదా అన్న ప్రశ్న ఆ ముగ్గురికీ ఉమ్మడిది. కోనసీమ ముస్లిముల వార్తా వినిమయ చరిత్రను ఈ ప్రశ్న వెలుగులో పరిశీలించడం ప్రయోజనకరం.

ఇస్నాదు: మూలాన్ని చూపే పద్ధతి

వార్తను విచారించి గాని స్వీకరించరాదన్న ఆదేశం ఖుర్ఆన్ 49వ సూరా ‘అల్ హుజురాత్’ 6వ ఆయతులో ఉంది. బనూ ముస్తలిఖ్ తెగ జకాత్ ఇవ్వ నిరాకరించిందని వలీద్ బిన్ ఉఖ్బా తెచ్చిన తప్పుడు కబురు ఈ ఆయతు అవతరణకు సందర్భమని వ్యాఖ్యాతలు పెక్కుమంది పేర్కొన్నారు. ఆ కబురును విచారించకుండా నమ్మి ఉంటే ఒక నిర్దోష జనసమూహంపై దండయాత్ర జరిగి ఉండేది. అనగా ఇక్కడ ప్రాణాలకే ముప్పు ఉన్నది.

ఈ జాగ్రత్త నుండే ‘ఇస్నాదు’ పద్ధతి రూపొందింది. ఎవరు ఎవరి వద్ద విన్నారో వరుసగా చెప్పిన తరువాతనే విషయం చెప్పాలి. ఆ వరుసలో ఒక్క లంకె తెగినా నివేదిక బలం తగ్గుతుంది. జాబిర్ బిన్ అబ్దుల్లా ఒకే ఒక హదీసును విన్నవారి నోటనే వినడానికి అబ్దుల్లా బిన్ ఉనైస్ వద్దకు నెల దినాల ప్రయాణం చేశారు. ఇమామ్ బుఖారీ (810-870) కాలానికి నివేదకుల జీవితాలను, జ్ఞాపకశక్తిని, నిజాయితీని పరీక్షించే ‘రిజాల్’ శాస్త్రం బాగా ఎదిగింది. విషయం ఎంత ఇంపుగా ఉన్నదన్నది కాక, ఎవరి ద్వారా వచ్చిందన్నది ముందుగా చూడడం ఈ శాస్త్రపు ప్రత్యేకత.

నదుల నడుమ నేల

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రానికి ఎదురుగా ఉన్న నేల కోనసీమ. వైనతేయ దాన్ని మళ్లీ చీల్చి రాజోలును ఒక వైపు, అమలాపురాన్ని మరొక వైపు ఉంచింది. 1847-1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగాక కాలువలే ఇక్కడి ప్రధాన మార్గాలయ్యాయి. మద్రాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గం సామర్లకోట, రాజమండ్రి మీదుగా సాగింది గాని కోనసీమలోకి రాలేదు. కనుక బయటి వార్త ఏదైనా రేవు దాటి, పడవెక్కి రావలసిందే.

భాష మరొక రేవు వంటిది. ఉత్తర సర్కారులు 18వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఇంగ్లీషు కంపెనీ వశమయిన పిదప ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగమయింది. కోర్టులోను, బడిలోను తెలుగు స్థిరపడింది. ఇంట దక్కనీ ఉర్దూ మాట్లాడే కుటుంబాలు కూడా చదువు తెలుగులో సాగించాయి. దూదేకుల కుటుంబాలకు ఇంటి భాష కూడా తెలుగే. ముస్లిం సమాజపు వార్తలు మాత్రం చాలాకాలం ఉర్దూ లిపిలోనే ప్రయాణించాయి. ఆ లిపి చదవగలిగిన ఏ ఒకరిద్దరో చదివి చెప్పేవరకు మిగిలినవారు వేచి ఉండవలసి వచ్చేది.

ఉర్దూ పత్రికలు, తెలుగు పాఠకులు

ఉర్దూ పత్రికా చరిత్ర 1822లో కలకత్తాలో వెలువడిన ‘జామె జహాఁ నుమా’తో ఆరంభమయింది. ‘దిల్లీ ఉర్దూ అఖ్బార్’ నడిపిన మౌల్వీ ముహమ్మద్ బాఖర్ 1857 తిరుగుబాటు అనంతరం ఆంగ్లేయుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ‘తహజీబుల్ అఖ్లాఖ్’, మౌలానా ఆజాద్ 1912లో ‘అల్ హిలాల్’ స్థాపించారు. ఆ కాలపు పత్రికలు పరస్పరం ప్రతులు పంపుకొనేవి. ఒకదానిలోని వార్తను మరొకటి ఎత్తి ప్రచురించేటపుడు మూలపత్రిక పేరు తెలపడం మర్యాద. ఆ పేరు చూసి పాఠకుడు వార్తకు ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయించుకొనేవాడు. ఇస్నాదు పద్ధతికి ఇది అచ్చుయంత్రపు కాలంలో దగ్గరి పోలిక.

1921 సెప్టెంబరు 14న ‘కామ్రేడ్’, ‘హమ్‌దర్ద్’ పత్రికల సంపాదకుడు మౌలానా ముహమ్మద్ అలీని గాంధీజీతో ప్రయాణిస్తుండగా వాల్తేరు స్టేషనులో నిర్బంధించారు. ఖిలాఫతు ఉద్యమపు పెద్ద వార్తలలో ఒకటి ఆంధ్రతీరంలోనే పుట్టిందన్నమాట. దాన్ని తెలుగు పాఠకులకు అందించగలిగినవి 1914 నుండి దినపత్రికగా వెలువడుతున్న ‘ఆంధ్రపత్రిక’ వంటి తెలుగు పత్రికలే. ముస్లిం సమాజపు వార్త తెలుగు ముస్లిమునకు ఉర్దూ ద్వారా కాక ఇరుగుపొరుగువారి భాష ద్వారా చేరగలగడం ఈ ఘట్టంలో గమనార్హం.

గౌతమికి ఆవల పిఠాపురంలో ఉమర్ ఆలీషా (1885-1945) తెలుగు కవిగా, నాటకకర్తగా, కేంద్ర శాసనసభ సభ్యుడుగా ప్రసిద్ధులయ్యారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుండే నేరుగా తెలుగు చేయడం ఆయన ప్రత్యేకత. చిలుకూరి నారాయణరావు చేసిన ఖుర్ఆన్ తెలుగు అనువాదం 1930 నాటికే వెలువడి ఉంది. మూలానికి, తెలుగు పాఠకునికి మధ్యనున్న దూరాన్ని తగ్గించడంలో ముస్లిములు, ముస్లిమేతరులు కలిసి శ్రమించారనడానికి ఈ రెండూ నిదర్శనాలు.

మీజాన్, ఇమ్రోజ్, గీటురాయి

1944లో హైదరాబాదులో గులాం ముహమ్మద్ కలకత్తావాలా ‘మీజాన్’ దినపత్రికను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు భాషలలో నెలకొల్పారు. తెలుగు మీజానుకు అడివి బాపిరాజు సంపాదకులు. మీజాన్ అనగా త్రాసు. ఒకే యాజమాన్యం క్రింద మూడు భాషల పాఠకులకు వార్తలు అందించడం ఆనాటికి అరుదైన ప్రయత్నం.

అదే నగరంలో ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్, హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో చేరాలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. తమ సమాజంలో బలవంతులకు రుచించని మాటను పేరు దాచుకోకుండా ప్రకటించినవాడికి దక్కిన ఫలితమిది. వార్త క్రింద పేరు ఉండడం ఎంత విలువైనదో, అందుకు ఎంత మూల్యం చెల్లించవలసి రావచ్చునో ఈ ఘటన తెలుపుతుంది.

తరువాతి దశకాలలో హైదరాబాదు నుండి వెలువడిన ‘గీటురాయి’ తెలుగు వారపత్రిక ధార్మిక వ్యాసాలతో పాటు ముస్లిం ప్రపంచ వార్తలను తెలుగు లిపిలో అందించింది. బంగారాన్ని పరీక్షించే రాయి పేరు ఒక పత్రికకు పెట్టడం అర్థవంతం. 1998లో వెలువడిన ‘జల్‌జలా’ కవితాసంకలనం తెలుగు ముస్లిం కవులను ఒకచోట చేర్చింది. సయ్యద్ నశీర్ అహమ్మద్ సంకలనం చేసిన ‘అక్షరశిల్పులు’ (2010) తెలుగు ముస్లిం కవుల, రచయితల వివరాలను సమకూర్చింది. చెదరి ఉన్నవారికి ఒకరి జాడ మరొకరికి తెలియజేసిన గ్రంథాలుగా ఈ రెంటికీ వార్తా వినిమయ చరిత్రలో స్థానం ఉంది.

తీగల మీది వార్త

కోనసీమ నుండి కువైట్, దుబాయి, మస్కట్‌లకు సాగిన వలస వార్తకు కొత్త మార్గం తెరిచింది. 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినపుడు, 1996 నవంబరు 6న తుపాను కోనసీమను అతలాకుతలం చేసినపుడు క్షేమసమాచారం అందక సముద్రానికి రెండు వైపుల కుటుంబాలు తల్లడిల్లాయి. ఆనాటి బాధ వార్త రాకపోవడం.

ఇంటర్నెట్ వచ్చాక ఆ బాధ తీరింది. 2000 దశకంలో కూడలి, జల్లెడ, హారం వంటి తెలుగు సంకలినులు పలువురి రచనల శీర్షికలను ఒకచోట చూపి, మూలరచనకు లంకె ఇచ్చేవి. 2006లో ఆరంభమయిన ‘టూసర్కిల్స్’ భారత ముస్లిముల వార్తలను ఇంగ్లీషులో ఒకచోట చేర్చింది. లంకె నొక్కితే వ్రాసినవారి ఇంటికే చేరుకోవచ్చు. జాబిర్ నెల దినాలు ప్రయాణించిన దారి ఒక్క క్షణానికి కుదిరింది.

అయితే తరువాత వచ్చిన వాట్సాప్ లంకె లేకుండానే మాటను, బొమ్మను చేతులు మార్చే సౌకర్యం కల్పించింది. చెప్పినవాడెవడో తెలియదు. పంపినవాడు బంధువు గనుక నమ్మకం మాత్రం మిగిలింది. 2020 మార్చి తరువాత తబ్లీగీ జమాతువారే కోవిడ్‌ను వ్యాపింపజేస్తున్నారన్న ప్రచారం దేశమంతటా సాగింది. విదేశీ సభ్యులను బలిపశువులను చేశారన్న భావాన్ని బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం 2020 ఆగస్టు 21న వెలువరించిన తీర్పులో వ్యక్తం చేసింది. తీర్పు వచ్చేసరికి ప్రచారం ఊరూరా చేరిపోయింది.

జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై 2022 మే 24న అమలాపురంలో ఆందోళన హింసగా మారి, ఒక మంత్రి, ఒక శాసనసభ్యుని ఇళ్లకు నిప్పు పెట్టారు. జనాన్ని కూడగట్టడంలో వాట్సాప్ బృందాలు సాధనమయ్యాయని పోలీసులు తెలిపారు. కోనసీమలో కొన్ని దినాలు ఇంటర్నెట్ నిలిపివేశారు. అప్పుడు అబద్ధంతో పాటు నిజమూ ఆగిపోయింది. గల్ఫులోని కొడుకు పంపే క్షేమసమాచారానికీ అదే గతి.

రేవు దాటి వచ్చిన కాలంలో వార్త ఆలస్యమయ్యేది గాని, దాన్ని తెచ్చినవాడు ఎదుట ఉండేవాడు. ఎవరు చెప్పారని అడిగితే జవాబు దొరికేది. వేగం పెరిగిన కొద్దీ ఆ ప్రశ్న అడిగే అలవాటు తగ్గింది. సంఖ్యలో తక్కువగా ఉన్న సమాజానికి ఈ నష్టం రెండంతలు. తనపై వచ్చే నిందకు మూలం అడగాలంటే, తాను పంచే వార్తకు మూలం చూపగలగాలి. ఇందుకు కొత్త శాస్త్రం అవసరం లేదు. హదీసు పండితులు పన్నెండు శతాబ్దాలకు పూర్వమే నియమాలు ఏర్పరచారు. వార్తతో పాటు దాని లంకెను కూడా అందించడం, లంకె లేని వార్తను తన వద్దనే ఆపివేయడం ఆ నియమాల సారం. అవి మసీదు అరుగు మీద చదివి వినిపించిన పత్రికకు ఎంతగా వర్తిస్తాయో, అరచేతిలోని ఫోనుకూ అంతగానే వర్తిస్తాయి.