నూజివీడు కోటల నడకదారి: జమీందారీ విభజన - పట్టణ నిర్మాణ చరిత్ర

వ్యాససంగ్రహం:

నూజివీడు అనగానే తెలుగువారికి చిన్నరసాలు గుర్తుకొస్తాయి. ఆ పట్టణంలోని కోటలు, దివాణాలు అంతగా గుర్తుకు రావు. ఒక చిన్న మెట్టపట్టణంలో ఇన్ని జమీందారీ నివాసాలు ఎందుకు వెలిశాయన్న ప్రశ్నకు జవాబు రాజుల వైభవంలో కాక, 1802 నాటి శాశ్వత పైసలా సన్నదులోనూ, 1879 నాటి ప్రీవీ కౌన్సిల్ తీర్పులోనూ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పట్టణాన్ని కాలినడకన చూస్తూ, కట్టడాలను చారిత్రక ఆధారాలుగా చదివే పద్ధతిని వివరిస్తుంది.

కీలక పదాలు: నూజివీడు, మేకా వంశం, జమీందారీ, దివాణం, వారసత్వం, విభజన, గచ్చు, మామిడి.

1. ప్రవేశిక:

నూజివీడు 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ ఏడాది జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏలూరు జిల్లాలో చేరింది. 'నువ్వుచేను వీడు' అన్న మాటే క్రమంగా నూజివీడు అయిందని స్థానికంగా చెప్పుకొంటారు. ఈ కథనాన్ని భాషాశాస్త్రం అంగీకరించినా, అంగీకరించకపోయినా, అందులో ఒక వాస్తవం ఉంది. ఇది కాలువ నీరు పారే వరిపొలాల ఊరు కాదు. నువ్వులు, మామిడి వంటివి పండే మెట్టనేల.

ఊరి చరిత్రను గ్రంథాలయంలో కూర్చుని చదవడం ఒక పద్ధతి. ఊరిలో నడుస్తూ చదవడం మరొకటి. గార్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ వంటి గ్రంథాలు జమీందార్ల వంశక్రమాన్ని, పేష్కషు లెక్కలను నమోదు చేశాయి. ఏ దివాణానికి ఎవరి పేరు నిలిచింది, ఏ ప్రహరీ ఎవరి వాటాను వేరు చేసింది అన్న విషయాలు మాత్రం నడిచేవారికే తెలుస్తాయి. ఈ రెండు పద్ధతులనూ కలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నడకకు ముందు - డెల్టా, మెట్ట:

నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ నూజివీడులో లేదు. అది విజయవాడ - ఏలూరు మార్గంలో, పట్టణానికి సుమారు 20 కి.మీ. దూరాన, హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. 1890లలో వేసిన రైలుమార్గం పల్లపు ప్రాంతం గుండా సాగి, ఊరి పేరును మాత్రమే తీసుకొని ఊరిని వదిలి వెళ్ళింది. కాబట్టి నడక నిజానికి ఇక్కడి నుంచే మొదలవుతుంది. జంక్షన్ నుంచి నూజివీడుకు వెళ్ళే దారిలో వరిపొలాలు వెనుకబడి, ఎర్రనేలలు, మామిడితోటలు ఎదురవుతాయి.

ఈ మార్పు పట్టణ చరిత్రకు కీలకం. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట కృష్ణా డెల్టాకు నీరిచ్చింది. నూజివీడు మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. అయితే నూజివీడు జమీందారీకి చెందిన భూములు రెండు ప్రాంతాల్లోనూ ఉండేవి. ఉయ్యూరు, కపిలేశ్వరపురం డెల్టాలోని గ్రామాలు, మీర్జాపురం నూజివీడుకు సమీపంలోనిది. ఆదాయంలో ఎక్కువ భాగం పల్లంలో పండినా, నివాసం మెట్టమీదనే నిలిచింది. నూజివీడు దివాణాల వెనుక డెల్టా రైతు కొలిచిన శిస్తు ఉందన్న విషయం నడక పొడవునా గుర్తుంచుకోవాలి.

3. మొదటి మజిలీ - పాత కోట:

గోల్కొండ సుల్తానుల కాలం నుంచి మేకా వంశీయులైన వెలమ ప్రభువులు ఈ ప్రాంతంలో అధికారం చెలాయించారు. 'అప్పారావు' వారి పేర్ల చివర స్థిరపడిన గౌరవనామం. 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. కప్పం విషయంలోనూ, అధికారం విషయంలోనూ స్థానిక ప్రభువులకు, కంపెనీకి మధ్య ఘర్షణ మొదలైంది. 1783 ప్రాంతంలో నారయ్య అప్పారావు తిరుగుబాటు చేయగా కంపెనీ సేనలు నూజివీడు మీదికి వచ్చాయి.

అందువల్ల పాత కోట ప్రాంతాన్ని చూసేటప్పుడు దాన్ని కేవలం నివాసంగా చూడకూడదు. 18వ శతాబ్దిలో కోట అంటే సాయుధబలం, ధాన్యపు నిల్వ, బేరమాడే శక్తి. 19వ శతాబ్దిలో 'కోట' అన్న మాట మిగిలింది, అర్థం మారింది. జమీందారు చేతిలో సైన్యం లేదు, సన్నదు ఉంది. నూజివీడువారు నేటికీ జమీందారు మేడను కోట అనే పిలవడంలో ఈ మార్పు దాగి ఉంది.

4. రెండవ మజిలీ - అన్నదమ్ముల దివాణాలు:

1802లో కంపెనీ శాశ్వత పైసలాను అమలు చేసినప్పుడు పాత జమీందారీ నిడదవోలు, నూజివీడు అని రెండుగా చీలింది. కొత్త సన్నదులు పుట్టాయి. సుమారు ఎనిమిది దశాబ్దాల తర్వాత నూజివీడు వారసుల వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్ళింది. జమీందారీ అంతా పెద్దకొడుకుకే దక్కాలా, అన్నదమ్ములందరూ పంచుకోవాలా అన్నదే అసలు ప్రశ్న.

ఇటువంటి ప్రశ్న అంతకుముందే, 1867లో, బీహారు ప్రాంతపు హంసపూరు వ్యాజ్యంలో వచ్చింది. అక్కడ జప్తు తర్వాత ఎస్టేటును ఆ వంశానికే తిరిగి ఇచ్చినందున, పాత అవిభాజ్య లక్షణం కొనసాగుతుందని ప్రీవీ కౌన్సిల్ భావించింది. 1879లో నూజివీడు విషయంలో ఇందుకు భిన్నమైన నిర్ణయం వచ్చింది. 1802 సన్నదు పాత జమీందారీకి కొనసాగింపు కాదనీ, అది కొత్తగా ఏర్పడిన ఎస్టేటు అనీ, కాబట్టి సాధారణ హిందూ ధర్మశాస్త్రం ప్రకారం పంచుకోదగినదనీ తేల్చింది.

ఆ తీర్పు ఫలితం నూజివీడు వీధుల్లో కనిపిస్తుంది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, కపిలేశ్వరపురం మొదలైన ఎస్టేట్లు విడివడ్డాయి. ఎస్టేటు పేరు ఒక ఊరిది, జమీందారు నివాసం నూజివీడులోది. 'ఉయ్యూరు రాజా', 'మీర్జాపురం రాజా' అన్న పేర్లు నూజివీడు దివాణాలకు అంటుకోవడానికి కారణం ఇదే. విభజన జరిగిన ప్రతి వాటాకూ ప్రత్యేకమైన కచేరీ, లెక్కలు రాసే గుమస్తాలు, ఠాణేదార్లు, అతిథులను ఆదరించే సావడి కావలసి వచ్చాయి. ఒక కోట ఉండవలసిన చోట పలు కోటలు వెలిశాయి. నూజివీడు పట్టణపటం ఒక వ్యాజ్యపు తీర్పును నేలమీద గీసినట్టుంటుంది.

5. గోడలను చదివే పద్ధతి:

దివాణాల ముందు నిలిచినప్పుడు మూడు అంశాలు గమనించాలి. మొదటిది ద్వారం. వీధికి తెరచుకొన్న ద్వారం నుంచి కచేరీకి, కచేరీ దాటి అంతఃపురానికి ఎన్ని గడపలు దాటాలో చూస్తే, శిస్తు చెల్లించడానికి వచ్చిన రైతును ఎక్కడ ఆపేవారో ఊహించవచ్చు.

రెండవది పైకప్పు. ఆ కాలపు జమీందారీ మేడలకు 'మద్రాసు మిద్దె' విధానం సాధారణం. టేకు దూలాలపై చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చి, పైన గచ్చు వేసేవారు. మూడవది సున్నం. గానుగలో రుబ్బిన సున్నానికి బెల్లం, కరక్కాయ నీరు కలిపి నునుపు తేల్చేవారు. సున్నపు గోడ తేమను పీల్చుకొని వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకొని గోడ పొరలుగా ఊడుతుంది. మిద్దె మీద ఒక పగులును రెండు మూడు వర్షాకాలాలు పట్టించుకోకపోతే దూలం కొసలు కుళ్ళుతాయి. సదుద్దేశంతో చేసిన మరమ్మతు కూడా కట్టడానికి హాని చేయగలదని చెప్పడం ఈ నడకలో ఒక బాధ్యత.

6. మూడవ మజిలీ - వీణ, విద్య, వెండితెర:

సంస్థానాశ్రయం మేడలకే పరిమితం కాలేదు. పనసకర్రతో కుండను, దండిని మలచి, 24 మెట్లు అమర్చే వీణల తయారీకి నూజివీడు పేరుపొందింది. దివాణాల సంగీత సభలు ముగిసినా ఈ చేతిపని పట్టణంలో మిగిలింది. వీణల పనివారి ఇంటిని కూడా దర్శనీయ స్థలంగా లెక్కించినప్పుడే నడకదారి సంపూర్ణమవుతుంది.

ఉయ్యూరు శాఖ విద్యారంగంలో తన ముద్ర వేసింది. 1937లో విజయవాడలో ఏర్పడిన ఎస్.ఆర్.ఆర్. కళాశాల, నూజివీడులోని ధర్మ అప్పారావు కళాశాల ఆ శాఖవారి పేర్లను నిలుపుకొన్నాయి. మేకా రంగయ్య అప్పారావు శాసనసభ్యుడిగా, మంత్రిగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. మీర్జాపురం రాజా చలనచిత్ర రంగంలోకి వెళ్ళి, మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపి, 1949లో 'కీలుగుర్రం' చిత్రానికి దర్శకత్వం వహించారు. ఆ స్టూడియో పేరు విజయవాడ దారిలోని ఆగిరిపల్లి కొండది. అక్కడి శోభనాచల వ్యాఘ్ర నరసింహస్వామి ఈ వంశం కొలిచిన దైవం. వంశంలో తరచూ వినిపించే 'శోభనాద్రి' అన్న పేరు కూడా అక్కడిదే. నడకకు ఆగిరిపల్లి సహజమైన ముగింపు.

7. ఒక పోలిక - సఫ్రాన్‌బోలు:

టర్కీలోని సఫ్రాన్‌బోలు పేరు కుంకుమపువ్వు నుంచి వచ్చింది. అదీ ఒక పంట పేరు మోసే ఊరే. బిడారుల బాటలో వర్ధిల్లిన ఆ పట్టణం 20వ శతాబ్ది ఆరంభంలో రైలు రావడంతో వాణిజ్య ప్రాధాన్యం కోల్పోయింది. అయినా అక్కడి ఒట్టోమన్ కాలపు ఇళ్ళు, హమ్మాములు, సత్రాలు నిలిచాయి. 1994లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నేడు యాత్రికులు వీధివీధీ నడుస్తూ ఆ ఇళ్ళను చూస్తారు.

రెండు ఊళ్ళనూ రైలు వెనక్కి నెట్టింది. సఫ్రాన్‌బోలులో ఇళ్ళన్నీ కలిసి ఒకే వారసత్వంగా గుర్తింపు పొందాయి. నూజివీడులో ప్రతి దివాణమూ విడి ఆస్తిగానే మిగిలింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో శిస్తు ఆగింది. రైతుకు అది న్యాయం. అయితే శిస్తుతో నిలిచిన మిద్దెలకు అప్పటి నుంచి పోషణ కరవైంది. నాడు కోటలను పెంచిన వాటాల హక్కే, తరం మారినకొద్దీ, ఒక్కొక్క కోటను మళ్ళీ ముక్కలు చేయగలదు.

8. ముగింపు:

• నూజివీడులోని పలు దివాణాలకు మూలం 1879 తీర్పు. వాటిని విడివిడి మేడలుగా కాక ఒకే చారిత్రక సముదాయంగా చూడాలి.
• 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం వందేళ్ళ వయసును ప్రమాణంగా తీసుకొంటుంది. విభజనకాలపు కట్టడాలు ఆ వయసు దాటాయి. రక్షణ ప్రకటన కోసం వేచి ఉండకుండా, ముందుగా కొలతలు, ఛాయాచిత్రాలు, పెద్దల జ్ఞాపకాలు సేకరించాలి.
• ఈ సేకరణలో జమీందారు కుటుంబాలతో పాటు శిస్తు కట్టిన రైతుల, వీణలు చేసినవారి, సున్నం రుబ్బినవారి మాట కూడా ఉండాలి.
• వేసవిలో చిన్నరసాల కోసం వచ్చేవారికి ఒక పూట నడక చూపించగలిగితే, మామిడి కీర్తి కోటలను మరుగుపరచదు, వాటి దాకా దారి చూపుతుంది.

మామిడిచెట్టు ఏటా కాపు కాసి తన ఉనికి చాటుకొంటుంది. మిద్దెకు ఆ శక్తి లేదు. దాని గురించి చెప్పవలసిన బాధ్యత ఆ వీధిలో నడిచేవారిదే.