బాకీ వసూలు: ఖాతా పుస్తకంలో రాసుకుంటే సరిపోదు.. మూడేళ్లు దాటితే డబ్బులు గోవిందా!

‘అరువు రేపు’ అని బోర్డు పెట్టిన షాపులోనూ అరువు పుస్తకం ఉంటుంది. గోదావరి జిల్లాల్లో అయితే మరీను. ఎరువుల షాపువాళ్లు పంట చేతికొచ్చాక ఇస్తారని, భీమవరం వైపు రొయ్యల మేత డీలర్లు పట్టుబడి అయ్యాక ఇస్తారని సరుకు ఇచ్చేస్తుంటారు. రేటు పడిపోయినా, చెరువుకు వైరస్ వచ్చినా ఆ బాకీ ముందుకు జరుగుతుంది. ఈ సార్వాకి కాకపోతే దాళ్వాకి! ఇలా ఎన్నాళ్లు ఆగొచ్చు?

లిమిటేషన్ చట్టం 1963 ప్రకారం అమ్మిన సరుకు డబ్బుల కోసం కోర్టుకు వెళ్లడానికి గడువు 3 ఏళ్లే. అరువుకు ఫలానా తేదీ అని గడువు పెట్టుకుంటే ఆ తేదీ నుంచి, లేకపోతే సరుకు ఇచ్చిన రోజు నుంచి లెక్క. అంటే ఆరు పంటలు. ఆ తర్వాత బాకీకి కాలదోషం పట్టినట్టే.

మరో చిక్కు ఏంటంటే.. మీ ఖాతా పుస్తకం సాక్ష్యంగా పనికొస్తుంది కానీ, అదొక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 28వ సెక్షన్ ఇదే చెబుతోంది. కంప్యూటర్‌లో రాసుకున్న లెక్కకీ ఇదే రూలు. కాబట్టి బిల్లు మీద, సరుకు అందిన చీటీ మీద కస్టమర్ సంతకం ఉండాల్సిందే.

పాత బాకీ అయితే ఏడాదికోసారి లెక్క చూసి, “ఇంత బాకీ ఉన్నాను” అని తేదీతో సంతకం పెట్టించుకోండి. గడువు లోపల ఆ సంతకం పడితే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. ప్రామిసరీ నోటు తిరగరాయించుకోవడం వెనకున్న లెక్క కూడా ఇదే. మన పెద్దవాళ్లు చట్టం చదవకుండానే ఈ పని చేసేవారు. కొంత సొమ్ము కట్టినప్పుడూ అంతే. ఫోన్‌పేలో రెండు వేలు వేశాడు కదా అని ఊరుకోవద్దు, ఆ జమ కింద సంతకం తీసుకోండి. “సంతకం అడిగితే ఏమనుకుంటారో” అని మొహమాటపడితే నష్టపోయేది మీరే. గడువు దాటిపోయిందా? అప్పుడు బాకీ ఒప్పుకుంటే చాలదు, “కడతాను” అని కొత్తగా రాసి సంతకం పెట్టాలి.

చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే మాత్రం టైమ్ చాలా తక్కువ. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో కేసు వేయాలి.

ఇక తయారీదారుల సంగతి వేరు. ఉదాహరణకు ఆత్రేయపురంలో పూతరేకులు చేసి హైదరాబాద్ స్వీట్ షాపుకు పంపేవాళ్లున్నారనుకుందాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకుంటే ఎంఎస్ఎంఈ చట్టం 2006 అండగా ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బులు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ! ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. అయితే కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా ఈ వెసులుబాటు లేదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

కోర్టు దాకా ఎందుకు అనుకుంటే లోక్ అదాలత్ ఉంది. తూర్పు గోదావరి జిల్లా న్యాయసేవాధికార సంస్థ రాజమండ్రిలోనే ఉంది. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీకి ఒప్పుకుంటేనే అవార్డు ఇస్తారు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. వాయిదాల్లో కడతానంటే ఆ తేదీలన్నీ అవార్డులో రాయించుకోండి. వెళ్లేటప్పుడు బిల్లులు, సంతకం చేసిన లెక్క, జమల వివరాలు వెంట ఉండాలి.