పగలు ల్యాబు, రాత్రి బెడ్‌పాన్లు

బోస్టన్‌లో హార్వర్డ్ వైద్య కళాశాలకూ పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రికీ మధ్య దూరం నాలుగడుగులే. భీమవరంలో పుట్టిన ఒక యువకుడికి 1920లలో పగలు కళాశాలలో చదువు, రాత్రి ఆసుపత్రిలో కొలువు. కొలువంటే పోర్టరు పని. రోగుల బెడ్‌పాన్లు ఎత్తిపోసి, కడిగి, మళ్లీ మంచాల దగ్గర పెట్టడం. మద్రాసు వైద్య కళాశాలలో చదివి వైద్యుడైనవాడు ఆ పని చేశాడు.

ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు. జీవరసాయనశాస్త్ర పుస్తకాల్లో సహపరిశోధకుడు ఫిస్కె పేరు పక్కన ఉండే సుబ్బారావు అంటే చాలామంది గుర్తుపడతారు. ల్యాబు గుమ్మం దాటి బయటికొస్తే ఆయనెవరో తెలిసినవాళ్లు తక్కువ. ఆయన ఏ మందుల కోసం తపించాడో అర్థం కావాలంటే మాత్రం ఆ గుమ్మం దాటాల్సిందే.

1895లో పుట్టిన సుబ్బారావుకు చదువు సాఫీగా సాగలేదు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని పదమూడో ఏట ఇల్లు వదిలితే తల్లి వెంకమ్మ వెనక్కి తెచ్చింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. శస్త్రచికిత్స ప్రొఫెసరుకు అది కిట్టలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. ఒక చొక్కా ఆయన జీవితాన్ని ఇంతగా మలుపు తిప్పింది.

అంతకంటే లోతైన గాయం ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కరిగిపోయే జబ్బది. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించాడు. అయినా స్ప్రూ ఎందుకొస్తుందో, దేనితో తగ్గుతుందో తేలలేదు. ఆ ప్రశ్నే ఆయన్ని ఓడ ఎక్కించింది. ఖర్చులకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరా అయ్యారు. త్వరలోనే తిరిగొస్తానని భార్య శేషగిరికి మాటిచ్చాడు.

హార్వర్డ్‌లో ముందు ఉష్ణమండల వ్యాధుల చదువు, ఆ తరువాత సైరస్ ఫిస్కె దగ్గర జీవరసాయనం. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణం ఎంత ముదురు నీలమైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. చూడటానికి చిన్న ఉపాయమే, కానీ ఆ నీలిరంగు దారి చూపబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ బయటపడ్డాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని కనుగొన్నాడు. కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న అప్పటి నమ్మకం కదిలిపోయింది. సుబ్బారావుకు పీహెచ్‌డీ అందింది మాత్రం 1930లో. పట్టా కంటే ముందే పాఠ్యపుస్తకాలకెక్కే పని పూర్తయిన విద్యార్థులు ఎందరుంటారు?

ఈలోగా ఇక్కడ ఇంటి దగ్గర, ఆయన ఎన్నడూ చూడని కొడుకు పసితనంలోనే పోయాడు. ఉత్తరాలు సముద్రాలు దాటి వచ్చేవి, మనిషి రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల సంస్థకు మారాక ఇంటి జబ్బులే ఆయన బల్ల మీదికొచ్చాయి. 1945కల్లా ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొద్దికాలంలోనే వైద్యుడు టామ్ స్పైస్ దాన్ని స్ప్రూ రోగులకిచ్చి చూస్తే వాళ్లు తేరుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు పైగా అయ్యాక దొరికిన మందు అది. గోదావరి తీరాన ఊరూరా కనిపించే బోదకాలుకు హెట్రజాన్ కూడా ఆ ల్యాబులోనే పుట్టింది. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అదే. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమైనోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకిస్తే కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. ఆ వ్యాధికి మందుతో అలాంటి ఫలితం కనిపించడం కొత్త.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికాకు ఓడెక్కాక ఆయన మళ్లీ గోదావరిని చూడలేదు, శేషగిరినీ చూడలేదు.