సత్యం సాక్షిగా

దేవుడే లేకపోతే మంచీ చెడూ ఎవరు చెప్పాలి? పాపభీతి లేని మనిషి దారి తప్పడా? గోపరాజు రామచంద్రరావును జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఇది. జనం నోట ఆయన గోరా. 1902లో సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, జంధ్యం తీసేసి, ఆపైన దేవుణ్ణీ వదిలేసిన వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తికుడికి పిల్లల్ని అప్పగించడమా అని పెద్దలు భయపడ్డారు. 1933లో కాకినాడ కళాశాల ఉద్యోగం పోయింది. తర్వాత బందరులో దొరికిందీ నిలవలేదు.

వాదించి గెలిచే ప్రశ్న కాదని ఆయనకు అర్థమైంది. బతికి చూపించాలి. 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. పౌర్ణమి రాత్రుల్లో అక్కడ సహపంక్తి భోజనాలు. ఊరు దూరం పెట్టినవాళ్ల పక్కనే అగ్రకులాలవాళ్లకూ విస్తళ్లు వేసేవారు. నమ్మకం సడలితే కులమూ సడలుతుందన్నది గోరా పందెం.

ఆ పందెం గాంధీజీ ముందు పెట్టాలని ఆయన తపన. దేవుడంటే ఏమిటని 1930లోనే ఉత్తరం రాస్తే, అది మనిషి బుద్ధికి అందనిదని జవాబొచ్చింది. 1941లో కలుసుకుంటానని మళ్లీ రాశాడు. నాస్తికత్వమంటే తన్ను తాను కాదనుకోవడమేనంటూ గాంధీజీ ఆ తలుపూ మూసేశారు. గోరా నొచ్చుకుని ఊరుకోలేదు, తన పనిలో తానున్నాడు. 1944 చివర్లో గాంధీజీ ఆశ్రమం సేవాగ్రామ్‌ నుంచి పిలుపు వచ్చింది.

అక్కడ గోరా చెప్పింది సిద్ధాంతం కాదు, బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో కళ్లారా చూసింది. తిండి నిండిన దుకాణాల పక్కనే జనం ఆకలితో చచ్చిపోతున్నారు. మా రాత ఇంతే అనుకుని వాళ్లు చెయ్యి చాపలేదు. దేవుడు వాళ్లకు అలా రాసిపెట్టాడనుకుని దుకాణదారు పెట్టనూ లేదు. ఆ నమ్మకమే లేకుంటే ఇద్దరూ మనుషుల్లా ప్రవర్తించేవాళ్లని గోరా వాదన. ఆ నమ్మకమే గంజికేంద్రాలు నడిపించిన సందర్భాలు లేవా అని నాకు అడగాలనిపిస్తుంది. గాంధీజీ మాత్రం ఓపికగా విన్నారు. తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనన్నారు, ఇద్దరమూ సత్యాన్ని వెతుకుతున్నవాళ్లమేనన్నారు.

అసలు పరీక్ష పెళ్లి రూపంలో వచ్చింది. గోరా పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలనుకున్నారు. వధూవరుల్లో ఒకరు హరిజనులైతేనే పెళ్లికి వెళ్తానని గాంధీజీ అప్పటికే నియమం పెట్టుకున్నారు కనుక, సేవాగ్రామ్‌లోనే జరిపిద్దామన్నారు. మరి నాస్తికుల పెళ్లిలో ప్రమాణం ఎవరి పేర? దేవుడన్న చోటల్లా సత్యం అనుకుందామన్నారు గాంధీజీ. దేవుడే సత్యమన్న మాటను తిరగేసి సత్యమే దేవుడని ఆయన ఏనాడో అనడం మొదలుపెట్టారు. ఆ చిన్న మార్పు ఇప్పుడు పెళ్లిపీటల దాకా వచ్చింది.

ముహూర్తం చూడని పెళ్లికీ అడ్డంకి తప్పలేదు. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యారు. అయినా ఆయన మాట నిలిచింది. మార్చి 13న సేవాగ్రామ్‌లో ఆ ఇద్దరూ సత్యం పేర ఒకటయ్యారు.

ధర్మం సనాతనమా, మనుషులు కలిసి బతకడానికి కల్పించుకున్నదా అన్న చోట గాంధీజీ, గోరా ఒక్కటి కాలేదు. గాంధీజీది మొదటి దారి, గోరాది రెండోది. రెండు దారులూ ఒకే విస్తరి దగ్గర కలిశాయి. నా లెక్కలో తత్వవేత్తల తర్కం తేల్చనిది ఆ పంక్తి చాలావరకు తేల్చింది.

1947లో విజయవాడ పటమటకు చేరిన నాస్తిక కేంద్రంలో ఆ పని ఆగలేదు. గోరా కొడుకు లవణం, కవి జాషువా కూతురైన కోడలు హేమలత 1970లలో స్టూవర్టుపురం వెళ్లి, దొంగలని ముద్రపడ్డవాళ్ల మధ్య పనిచేశారు.

మూసాపేట హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా ఇదే వాదన పెట్టుకునే కుర్రాళ్లకు ఒక మాట. ఈ సంభాషణలన్నీ గోరా ఇంగ్లీషులో ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ అన్న చిన్న పుస్తకంగా రాశారు. 1951లో దాన్ని అచ్చువేసింది గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే. వాదనకు కూర్చునే ముందు అది చదవండి.